లప్పం పనివాళ్లు

గృహప్రవేశానికి వచ్చినవాళ్లు రంగు బాగుందంటారు. లప్పం బాగుందన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. బొల్లారం, యాప్రాల్ పక్కనున్న మా కౌకూర్‌లో కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. వాటి గోడలకు నునుపు తెచ్చేది మాత్రం రంగు డబ్బా కాదు, దానికి ముందొచ్చే ఈ తెల్లటి పూత.

సిమెంటు లప్పమైతే గోడను ముందు కాస్త తడపాలి. ఎండిన గోడ నీళ్లన్నీ పీల్చేస్తే పూత పట్టు తప్పి పెచ్చులూడుతుంది. రెండు పూతలూ కలిపి మందం 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గోడలోని పెద్ద గుంటను లప్పంతో కప్పేయమనే యజమానుల మాట మంచి పనివాడు వినడు. అది మేస్త్రీ సిమెంటుతో సరిచేయాల్సిన లోపం. జిప్సం బోర్డు సీలింగైతే అతుకులకు టేపు వేయందే పని మొదలుపెట్టడు, లేకుంటే బీటలు కనిపిస్తాయి.

అసలు చేయి తెలిసేది చివర్లో. గది చీకటి చేసి, బల్బును గోడ పక్కగా పట్టుకుంటాడు. ఎదురుగా చూస్తే కనబడని గీతలన్నీ నీడలై బయటపడతాయి. ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, అక్కడే మళ్లీ లప్పం పట్టీ లాగి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్దుతాడు. ఒంటినిండా తెల్లటి దుమ్మే. చాలామందికి మూతికి రుమాలు తప్ప మరే రక్షణా ఉండదు.

ముహూర్తం దగ్గరపడిందని పచ్చి గోడకు రంగు వేయించకండి. పనివాళ్లకు మంచి మాస్కులు మీరే కొనివ్వండి.