బాగున్నప్పుడు ఎంత ఉండేది?

తిరుత్తణిలో పాత రేడియో ముందు కూర్చున్నవాడికి రెండు అంకెలు కంఠతా రావాలి: 720, 900 కిలోహెర్ట్జ్. మొదటిది మద్రాసు స్టేషన్, రెండోది కడప. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన ఊరు మాది. అందుకే ఇళ్లల్లో రెండు స్టేషన్లూ కావాలి, రెండూ డయల్ మీద రాసిన చోటే పలకాలి.

‘అన్నా, మా నాయన సెట్టు ఇది, ఎట్లయినా పలికించు’ అంటూ ఎవరైనా రేడియో తెస్తే నేను ముందు అడిగేది మోడల్ నంబరు. నంబరు తెలిస్తే సర్వీస్ మాన్యువల్ వెతకొచ్చు. అది దొరికిందంటే సగం పని అయినట్టే.

డయల్ తాడు సంగతే చూడండి. తాడు తెగిన సెట్టుకు లోపల ఒక చక్రం, రెండు మూడు చిన్న కప్పీలు, ట్యూనింగ్ కడ్డీ, ఒక స్ప్రింగు మిగులుతాయి. తాడు ఎక్కడ మొదలవ్వాలి, కడ్డీకి ఎన్ని చుట్లు తిరగాలి, ఏ కప్పీకి పైనుంచి పోవాలి, ముల్లు ఎక్కడ తగిలించాలి? ఆ భాగాలను చూస్తే ఏమీ తెలియదు. మాన్యువల్లో ఒక చిన్న బొమ్మ ఉంటుంది. స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సర్ పూర్తిగా మూసి ఉంచి తాడు చుట్టాలని, తాడు పొడవు ఇంతని పక్కనే రాసి ఉంటుంది. బొమ్మ ఉంటే పావుగంట పని. లేకపోతే పొద్దుగూకినా తెమలదు. ముల్లు కుడివైపు పోవాల్సింది ఎడమవైపు పోతుంది, చుట్టిందంతా విప్పాలి.

ఇంతకంటే విలువైనది ఆ పుస్తకంలో ఇంకొకటి ఉంది. ఏ పార్టు పోయిందో మాన్యువల్ చెప్పదు. సెట్టు బాగున్నప్పుడు ఏ బిందువు దగ్గర ఎన్ని వోల్టులుండేవో చెబుతుంది. 9 వోల్టుల ట్రాన్సిస్టర్ సెట్టులో రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కలిసేచోట 4.5 ఉండాలని రాసి ఉండి, మన మీటరు 8 చూపిందనుకోండి. ఇక ఐ.ఎఫ్. (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) భాగం వైపు చూడక్కర్లేదు, ఆ చుట్టుపక్కల నాలుగైదు పార్టుల్లోనే వెతకాలి. ఉండాల్సింది ఎంతో తెలియనివాడు బోర్డంతా ఊడబీకి కొత్తవి వేస్తాడు. దాన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు.

ఆ అంకెలను చదవడానికీ ఒక పద్ధతుంది. వాల్వు సెట్ల మాన్యువల్లో ఏ మీటరుతో కొలిచారో అడుగున సన్నటి అక్షరాల్లో ఉంటుంది. వోల్టుకు వెయ్యి ఓములవి ఆనాటి మీటర్లు. 250 వోల్టుల రేంజిలో అలాంటి మీటరు పెడితే రెండున్నర లక్షల ఓముల రెసిస్టెన్స్ తగిలించినట్టే. అందుకే నిజంగా 100 ఉన్నచోట అది 80 చూపొచ్చు. ఇప్పటి డిజిటల్ మీటరుకు కోటి ఓములు, అది 100కు దగ్గరగానే చూపిస్తుంది. పుస్తకంలో 80 ఉంది కదా అని బాగున్న వాల్వును అనుమానించకూడదు.

టీవీ మాన్యువల్లో కొన్ని పార్టుల పక్కన త్రికోణంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది. వాటి స్థానంలో కంపెనీ చెప్పిన రకం తప్ప వేరేది వేయకూడదు. మంట అంటుకోకుండా ఆగేదీ, పిక్చర్ ట్యూబు హైవోల్టేజీ హద్దు దాటకుండా ఉండేదీ వాటివల్లే.

ఇలాంటి సమాచారాన్ని అందరికీ అందించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో జాన్ రైడర్ 1931 నుంచి రకరకాల కంపెనీల రేడియో సర్క్యూట్లను లావుపాటి సంపుటాలుగా అచ్చువేశాడు. 1946లో హోవార్డ్ శామ్స్ ఫోటోఫ్యాక్ట్ పేరుతో ఒక్కో సెట్టునూ విప్పి ఫోటోలతో సహా వివరించడం మొదలుపెట్టాడు. మాకు అలాంటివి చేతికందలేదు. తిరువళ్లూరు, తిరుత్తణి మెకానిక్కులు లోకల్ రైలెక్కి మద్రాసులోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లినప్పుడు పార్టులతోపాటు సర్క్యూట్ డయాగ్రాల జిరాక్సులు కూడా తెచ్చుకునేవాళ్లు. మద్రాసుకు 1975 ఆగస్టు 15న టీవీ వచ్చింది. ఆ తర్వాత ఇక్కడి ఇళ్లకు చేరిన ఆనాటి డయనోరా, సాలిడేర్, హైదరాబాద్ ఈసీ సెట్లు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. వాటి గురించి ఏదైనా తెలియాలంటే ఆ కాగితాలే దిక్కు. వాటి అంచుల్లో మెకానిక్కులు పెన్సిల్‌తో రాసుకున్న మాటలు నాకు అచ్చులో ఉన్నదానికి ఏమాత్రం తీసిపోవు: ఈ కండెన్సర్ ముందు చూడు, ఈ టంకం ఊడుతుంది.

కేంద్రం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ (రిపేరు చేసుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. మంచి పనే. అయితే సర్వీస్ సెంటర్ చిరునామా, వారంటీ వివరాలు ఇస్తే సరిపోదు, సర్క్యూట్ డయాగ్రం, వోల్టేజీలు కూడా అందరికీ ఇవ్వాలి. వస్తువు కొన్నవాడికి దాని సర్క్యూట్ ఎందుకు దాచాలో నాకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు.

పాత మెకానిక్కులు పోయాక ఇంటివాళ్లు వాళ్లు దాచుకున్న డయాగ్రాల కట్టలను పాతపేపర్ల లెక్కన తూకానికి వేసేస్తున్నారు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే దయచేసి ముందు ఫోటో తీయండి. మడత విప్పి నేలమీద పరిచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పెద్ద డయాగ్రమైతే నాలుగు ముక్కలుగా, ఒకదాని అంచు ఇంకొకదానిలో కొంచెం పడేలా తీయాలి. పార్టుల జాబితా, అట్టమీది మోడల్ నంబరు వదలొద్దు. పెన్సిల్ రాతలు ఉన్న పుటలను ఇంకాస్త దగ్గరగా తీయండి.