సూర్యశక్తి కథలును పావగడ నేలయు

విజ్ఞాన కల్పిత కథలను గూర్చి ముచ్చటించునపుడు, అందలి యంత్రములలో ఎన్ని నిజమైనవో లెక్కించుట పరిపాటి. ఈ లెక్క వినోదకరమే కాని, దానివలన కథ విలువ తేలదు. యంత్రమును ఊహించుట యొకటి. అది వచ్చిన పిదప మానవుని బ్రతుకెట్లుండునో ఊహించుట వేరొకటి. ఈ భేదమును పరీక్షించుటకు తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా తగిన తావు.

ఈ తాలూకా కర్ణాటకమున నున్నను, దీనికి మూడు వైపులను ఆంధ్రప్రదేశమే. అధికసంఖ్యాకులకు ఇంటిమాట తెలుగు, కచేరిమాట కన్నడము. వాన తక్కువ, వేరుశనగ ప్రధానమైన పంట. అచ్చట తిరుమణి మొదలగు అయిదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరములందు సూర్యవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. 2019 చివరకు దాని సామర్థ్యము 2,050 మెగావాట్లకు చేరెను.

ఇట్టి దానిని ముందుగా ఊహించినవారిలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ఒకడు. 1911లో 'మోడర్న్ ఎలెక్ట్రిక్స్' పత్రికలో ఆరంభమైన అతని నవల 'రాల్ఫ్ 124సి 41+' క్రీ.శ. 2660లో జరిగినట్లు కల్పింపబడినది. ఎండనుండి విద్యుత్తును తీయు మహాయంత్రము అందు కలదు. ఉపయోగకరమైన సిలికాన్ సూర్యఘటము అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో 1954లోనే సిద్ధమైనది. ఏడు శతాబ్దములు పట్టునన్నట్లు చూపినది నలుబది మూడేండ్లకే సాధ్యమైనది! అయినను ఆ నవలలోని మనుష్యులు ప్రదర్శనశాలలో వస్తువులను చూపువారివలె నుందురు. యంత్రము చక్కగా కనబడును. దానివలన ఎవరి బ్రతుకు మారెనో కనబడదు.

రాబర్ట్ హైన్‌లైన్ మారుపేరుతో 1940లో ప్రకటించిన 'లెట్ దేర్ బి లైట్' ఒక మెట్టు పైది. ఇద్దరు శాస్త్రజ్ఞులు చల్లని వెలుతురునిచ్చు పలకలను కనిపెట్టి, వానినే త్రిప్పి వాడిన ఎండనుండి విద్యుత్తు వచ్చునని గ్రహింతురు. విద్యుత్ వ్యాపారులు వారిని అణచివేయజూతురు. అంతట వారు ఆ రహస్యమును లోకమునకు వెల్లడింతురు. యంత్రము పుట్టగానే 'ఇది ఎవరిది?' అను ప్రశ్న పుట్టునని ఈ రచయిత ఎరుగును. కాని అతని పలకలు ఆక్రమించు నేల ఎవరిదో అతడును అడుగలేదు.

ఐజాక్ అసిమోవ్ 1941లో వ్రాసిన 'రీజన్' కథ మరింత లోతైనది. అంతరిక్షమందలి కేంద్రమునుండి సూర్యశక్తిని గ్రహములకు పంపు పనిని ఒక మరమనిషి చేపట్టును. భూమి యున్నదనియే అది నమ్మదు. తన్ను తీర్చిన మనుష్యులను అధికార స్థానమునుండి తొలగించును. అయినను కిరణమును గురి తప్పక నడపును. అనగా, శక్తి ఎవరికొరకో తెలియకయే యంత్రము సక్రమముగా నడువవచ్చును. శక్తి పుట్టుచోట మనుష్యుడు అక్కరలేనివాడు కావచ్చును. పావగడకు మిక్కిలి దగ్గరగా వచ్చిన ఊహ ఇదియే.

పావగడలో భూమిని స్వాధీనపరచుకొనక కౌలునకు తీసికొనిరి. హక్కు రైతునందే నిలిచెను. మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు వంతున పెంపు. పై కథలలో నొక్కటియు దీనిని ఊహింపలేదు. ఎండిన చేనికి నికరమైన రాబడి కలుగుట చిన్న మేలు కాదు. కాని కౌలు పత్రముమీద నున్న పేరునకే కౌలు ముట్టును. ఆ చేనిలో కలుపు తీసినవారికిని, కాయలు ఒలిచినవారికిని, బీళ్లలో గొఱ్ఱెలను మేపినవారికిని పత్రము లేదు. పలకలను కడుగుటకును, గడ్డి కోయుటకును, కావలి కాయుటకును కొందరు చాలుదురు.

కావున భవిష్యత్తును దర్శించినాడని రచయితను మెచ్చుకొనుటకు ముందు, అతని కథలో కూలివానికి చోటు కలదా యని చూడవలెను. ఆ కొలతకు గెర్న్స్‌బ్యాక్ నిలువడు. హైన్‌లైన్ సగము నిలుచును. అసిమోవ్ ప్రశ్నను మాత్రము మన చేతిలో పెట్టును. తక్కిన కథను పావగడ తెలుగులోనే వ్రాయవచ్చును. దానికి నాయకుడు శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. కంచెకు వెలుపల మంద నాపుకొని నిలిచిన గొఱ్ఱెల కాపరి చాలును.