జాబితాలో కనపడని సాగుదారు

కథలో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అని వెతకడం మనకి అలవాటే. అదే చూపుతో నేను మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పల్లెల రైతు సాయం జాబితాలు చదివాను. సాహిత్య పత్రికలో సబ్సిడీల గొడవేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. ప్రభుత్వం రాసే వాక్యానికీ ఒక కర్త ఉంటాడు. ఉంటాడు అనే అనాలి, ఎక్కువసార్లు మగవాడే కనుక.

2019 ఫిబ్రవరి 24న మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇస్తుంది, భూమి ఉన్న 'రైతు కుటుంబానికి'. కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు అని నిబంధన. ఎంత అమాయకమైన మాట! భార్యాభర్తలిద్దరికీ చెరో పాస్‌బుక్ ఉన్నా డబ్బు పడేది ఒక్క ఖాతాలోనే. ఆ ఖాతా ఎక్కువగా ఎవరిదవుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి 1985 నుంచే హక్కుంది (అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే లెండి), దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలోని కమతాల్లో స్త్రీలవి దాదాపు 14 శాతమే. పేరున ఆస్తి ఉండటం వేరు, దాని మీద అదుపు ఉండటం వేరు అని బీనా అగర్వాల్ 1994లోనే 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్'లో వాదించారు.

ఇక కౌలు సంగతి. డెల్టాలో సార్వాకి వరి, ఆ తర్వాత మినుము. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు మాట్లాడుకుంటారు. తుపానుకి చేను పడిపోయినా ఆ బస్తాల లెక్క చాలాచోట్ల తగ్గదు. నాట్లూ కలుపూ మినుము తీతా ఆడవాళ్ళ నడుముల మీదే నడుస్తాయి. 2011 చట్టం కింద యజమాని ఒప్పుకోలు లేకపోయినా రుణ అర్హత కార్డు వచ్చే వీలుండేది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం అడిగింది. చట్టం పేరులో మాత్రం 'హక్కులు'! సంతకం పెడితే పొలం పోతుందని యజమానులకి భయం. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచీ ఉన్న భయమే. నాగాయలంక వైపు కౌలు చేసే ఒకావిడని కార్డు ఎందుకు తీసుకోలేదని అడిగాను. "సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు కదండీ" అంది.

2019 అక్టోబరులో వచ్చిన రైతు భరోసా కేంద్రం సొమ్ముతో కలిపి 13,500 ఇచ్చింది. కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే, అదీ కార్డుంటేనే. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ దాన్ని 20,000 చేసింది. మొత్తం పెరిగింది, గుమ్మం అదే. కౌలుదారు కార్డు చూపించాలి.

వీటిలో దాపరికం ఉందా అంటే, పైకి లేదు. సబ్సిడీ ఎవరికి ఎంత ఇచ్చారో తనంతట తానే వెల్లడించాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రభుత్వానికి చెప్పింది. రైతు భరోసా జాబితాల్ని సచివాలయాల్లో సామాజిక తనిఖీకి పెట్టారు. యూరప్‌లో ఇదే విషయం కోర్టుకెక్కింది. సబ్సిడీ పొందిన వ్యక్తుల పేర్లన్నీ విచక్షణ లేకుండా ప్రకటించడం కుదరదని 2010 నవంబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ వాదనలో బలం లేదని నేననను. ఒంటరి ఆడదాని ఖాతాలో డబ్బు పడిందని ఊరందరికీ తెలిస్తే ముందుగా గుమ్మం తొక్కేది అప్పులవాడు. కానీ మన దగ్గర చిక్కు పేరు బయటపడటంలో లేదు. పీఎం కిసాన్ ఊరివారీ జాబితాలో పేరు పక్కన స్త్రీయో పురుషుడో రాస్తారు. ఆ భూమిని దున్నేదెవరో రాయడానికి గడి లేదు. కార్డు మీద సంతకం పెట్టనన్న యజమానులు ఊరికి ఎందరో, ఆ లెక్క నేను ఏ గోడ మీదా చూడలేదు.