నీలి డయల్ వెనక పసుపు దీపం

పాత స్టీరియో రిసీవర్‌లో డయల్ లైట్లు పోయినా పాట ఆగదు. అందుకే చాలా ఇళ్ళలో వాటిని ఎవరూ పట్టించుకోరు. ఓ మూల బల్బు పోయి 88 నుంచి 92 దాకా చీకటవుతుంది. కొన్నాళ్ళకు రెండో మూలా అంతే. ఆ తర్వాత 101.9 రెయిన్‌బో ఎక్కడుందో ముల్లు చూసి కాదు, చెవితో వెతుక్కోవడం అలవాటైపోతుంది. నాకలా సర్దుకోవడం రాదు. నా మరాంట్జ్ 2245ను నేను ఇష్టపడింది సగం చెవితో, సగం కంటితో.

ఈ వరసలో పేరు చివరి రెండంకెలు ఒక్కో చానల్‌కు ఎన్ని వాట్లో చెబుతాయి: 2230కి 30, 2245కి 45, 2270కి 70. అన్నీ 1970ల సెట్లు. కంపెనీకి పేరిచ్చిన సాల్ మరాంట్జ్ వృత్తిరీత్యా గ్రాఫిక్ డిజైనర్. 1964లోనే కంపెనీని సూపర్‌స్కోప్‌కు అమ్మేశాడు కాబట్టి ఈ డయళ్ళ గొప్ప ఆయన ఖాతాలో వెయ్యలేం. అయినా యంత్రం ముఖం చూడముచ్చటగా ఉండాలన్న పట్టింపు కూడా కంపెనీతోపాటే చేతులు మారిందనిపిస్తుంది.

ఆన్ చెయ్యగానే అంకెలు నీలంగా వెలుగుతాయి. చూసినవాళ్ళంతా లోపల నీలం బల్బులున్నాయనుకుంటారు. లేవు. ఉన్నవి మామూలు పసుపు వెలుగు బల్బులే. నీలమంతా డయల్‌లో ఉంది. బల్బులకూ డయల్‌కూ మధ్య ఓ పలచని కాగితం. వెలుగు ఆ కాగితంలో పరుచుకుని, నీలంలోంచి వడకట్టుకుని బయటికొచ్చేసరికి కాస్త ఆకుపచ్చ కలుస్తుంది. పట్టుచీరల కొట్లో నెమలికంఠం అంటారే, ఆ రంగు.

విప్పడం పెద్ద విద్యేం కాదు. స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గు పీకాలి. పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా కాసేపు కరెంటు దాచుకుంటాయి గనక ఆగి, మీటరు పెట్టి చూసుకుని మరీ చెయ్యి పెట్టాలి. పైమూత తీస్తే డయల్ వెనక రేకు అర, అందులో క్లిప్పుల మధ్య బల్బులు. చూడ్డానికి అచ్చం గాజు ఫ్యూజులు. 8 వోల్టులు, పావు ఆంపియరు అటూఇటూ. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒకటి చూపించి ఇలాంటివి కావాలంటే కౌంటర్‌లో కుర్రాడు నిజంగానే ఫ్యూజులు తెచ్చిచ్చాడు. ‘బల్బు బాబూ’ అన్నాను. ‘ఫ్యూజే గద సార్, లోపల తీగ కనిపిస్తలేదా?’ అన్నాడు. వాడిదేం తప్పులేదు. ఈ రకం బల్బుల తరం వాడు పుట్టకముందే అయిపోయింది. లోపల్నుంచి పెద్దాయన ఓ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాకగానీ మా తగువు తేలలేదు.

బల్బు ఎందుకు పోతుందో తెలుసుకుంటే మార్చే పని తగ్గుతుంది. లోపలిది టంగ్‌స్టన్ తీగ. 2,000 డిగ్రీలు దాటిన వేడిలో ఆ లోహం కొద్దికొద్దిగా ఆవిరై గాజుకు నల్లగా అంటుకుంటుంది, తీగ ఎక్కడో ఓ చోట సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు తీగ నిరోధం వేడి మీదున్నప్పటిలో దాదాపు పదో వంతే. అందువల్ల స్విచ్ వెయ్యగానే కరెంటు పోటెత్తుతుంది, సన్నబడ్డ చోటు అప్పుడు తెగుతుంది. దీనికి మన ఇంటి కరెంటుతోనూ చుట్టరికముంది. వోల్టేజి పెరిగితే బల్బు ఆయుష్షు సుమారు పన్నెండో ఘాతంలో పడిపోతుంది. నా సెట్టు ఎగుమతి కోసం చేసిన రకం, 220కీ 240కీ మార్చుకునే ఏర్పాటు ఉంది. 220 మీద పెట్టి, గోడలోంచి 240 వచ్చే ఇంట్లో వాడితే బల్బులకు తొమ్మిది శాతం ఎక్కువ అందుతుంది. లెక్క కడితే ఆయుష్షు మూడో వంతు. అదే పది శాతం తగ్గిస్తే వెలుగు 30 శాతం తగ్గుతుంది గానీ ఆయుష్షు మూడింతలు దాటుతుంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్‌లో 1901 నాటి బల్బు ఇంకా వెలుగుతోందంటే, ఇలా మసకగా వెలగడం కూడా ఓ కారణం. ఇప్పుడది లాగేది నాలుగు వాట్లు, దాని కింద పుస్తకం చదవలేం. నేను సెలెక్టర్ 240 మీదకు తిప్పి ఉంచాను.

బల్బులు మార్చి మూత పెట్టేస్తే సగం పనే అయినట్టు. ఐదు బల్బులుంటే పది వాట్ల వేడి, అదీ ఇరుకు రేకు అరలో, ఏళ్ళ తరబడి. కాగితం గోధుమరంగుకు తిరిగి, బల్బు ఎదురుగా మాడిన మచ్చలు పడి ఉంటుంది. కొత్త బల్బు వేసినా రంగు మురికిగా కనిపిస్తే దోషం కాగితానిది. ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర స్టేషనరీ కొట్లో దొరికే ట్రేసింగ్ పేపరు అదే కొలతకు కత్తిరించి పెడితే సరిపోతుంది. ఇంత విప్పాం కదా అని డయల్ గాజును లోపలివైపు స్పిరిట్‌తో తుడవాలనిపిస్తుంది. వద్దు. అంకెలు అటువైపే అచ్చయి ఉంటాయి, గుడ్డతోపాటు ఊడి వస్తాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. డయల్ తాడు జోలికి అసలే పోకూడదు. అది పుల్లీ మీంచి జారితే మళ్ళీ చుట్టడానికి ఆదివారం మొత్తం పోతుంది.

ఇక ఎల్ఈడీల గొడవ. వేడి లేదు, ఏళ్ళ తరబడి వెలుగుతాయి, కరెంటు తక్కువ. అన్నీ నిజమే. కానీ తెల్లటి ఎల్ఈడీ వెలుగులో నీలం పాలు ఎక్కువ. దాన్ని ఈ డయల్ వెనక పెడితే నెమలికంఠం పోయి కంట్లో గుచ్చుకునే ముదురు నీలం వస్తుంది. కొందరికి అదే నచ్చుతుంది, ఫొటోల్లో బాగా పడుతుంది కూడా. నాకు మాత్రం ముఖానికి సున్నం కొట్టినట్టుంటుంది. ఇంకో చిక్కు, ఆ బల్బులకు అందేది ఏసీ. ఫిలమెంట్ చల్లారేలోపే మళ్ళీ కరెంటు వస్తుంది కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది. ఎల్ఈడీకి అంత ఓపిక లేదు. బ్రిడ్జి రెక్టిఫయర్, కెపాసిటర్ లేకుండా ఒక్కటే తగిలిస్తే సెకనుకు 50 సార్లు ఆరి వెలుగుతుంది. అయినా నేను ఎల్ఈడీని పూర్తిగా వెలివెయ్యలేదు. సిగ్నల్ మీటరు లోపలి ప్లాస్టిక్ వేడికి వంకర పోతున్న చోట పసుపు ఛాయ ఎల్ఈడీయే మేలు.

స్టీరియో అని చూపించే చిన్న దీపం సంగతి వేరు. స్టేషన్ నుంచి 19 కిలోహెర్ట్జ్ పైలట్ సిగ్నల్ అందితేనే అది వెలగాలి. 1961లో అమెరికా ఖాయం చేసిన పద్ధతి అది. పైలట్ వస్తున్నంతసేపూ, వార్తలు చదివేది ఒక్క గొంతే అయినా స్టీరియో దీపం వెలుగుతూనే ఉంటుంది, అది వేరే తమాషా. కొన్ని సెట్లలో ఆ దీపాన్ని నడిపే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా రవ్వంత కరెంటు కారుతుంది. బల్బు దాన్ని లెక్కచెయ్యదు. ఎల్ఈడీకి అదే చాలు, స్టేషన్ లేని చోట కూడా మినుకుమంటూ అబద్ధం చెబుతుంది. పక్కన ఓ రెసిస్టర్ తగిలిస్తే ఆగుతుంది, కాదనను. కానీ ఒక్క బల్బు చేసే పనికి ఎల్ఈడీ, దానికో రెసిస్టర్, ఆ రెసిస్టర్‌కు టంకాలు ఎందుకు? అక్కడ పాత రకం బల్బే పెట్టి మూత బిగించాను.