పెట్టెలో ఏముందో చూసి యంత్రం కొనండి

పాత టర్న్‌టేబుల్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీది మంచిదని. మీ ఇంట్లో ఉన్న రికార్డులేవో ముందు చెప్పండి అంటాను నేను. మన అటకల మీద ఉండేవి ఎల్పీలొక్కటే కాదు. పద్యనాటకాల సెట్లు, ఘంటసాల పుష్పవిలాపం మొదట వచ్చింది 78 వేగంతో తిరిగే లక్క రికార్డుల మీదే. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 ఎంత గట్టి యంత్రమైనా దానికున్నవి 33, 45 వేగాలే.

అలాంటి ఇళ్లకు నేను చెప్పేది స్విట్జర్లాండ్ లెంకో ఎల్75. దాని మీట జరుపుతూ వేగాన్ని ఎంతకైనా సరిచేసుకోవచ్చు. వేగం ఆరు శాతం తగ్గిందంటే, నాలుగున్నర శ్రుతిలో పాడిన పద్యం నాలుగులో వినబడుతుంది. అది ఆ గాయకుడికి అన్యాయం. చోకుతో వెలిగే పాత ట్యూబ్‌లైటు కింద, రికార్డు మీద 77 గీతల స్ట్రోబ్ కాగితం పెట్టి చూడండి. గీతలు పాకుతున్నంతసేపూ మీట జరుపుతూ ఉండాలి. అవి కదలకుండా నిలిచాయంటే 78కి వచ్చినట్టే. ఈ పనంటే నాకు ప్రాణం.

కొనేముందు పళ్లెం ఎత్తించి, కింది రబ్బరు చక్రాన్ని వేలితో తడమండి. గట్టిపడి నొక్కు పడి ఉంటే ఆ గుడగుడ రికార్డింగులోకి దిగుతుంది. అమెరికా నుంచి వచ్చిన గ్యారార్డ్ 301 అయితే పుల్లీ చూడండి. 60 హెర్ట్జ్ పుల్లీతో మన 50 హెర్ట్జ్ కరెంటు మీద వేగం ఆరో వంతు పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ముల్లు. 78 గాడికి కావలసిన మొన, స్టీరియో ఎల్పీ మొనకు దాదాపు నాలుగు రెట్లు. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, పాటకన్నా బరబరే ఎక్కువ పలుకుతుంది. అందుకే ముల్లు మార్చుకునే వీలున్న కార్ట్రిడ్జే కొనాలి. లక్క రికార్డును స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, లక్క కరిగిపోతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. చిటపటలతో సహా మొదటి ఫైలును అలాగే దాచి, శుభ్రం చేసేది నకలులో చేయండి. చిటపటలను మరీ గీకేస్తే పద్యంలో పరుషాలు మొద్దుబారతాయి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ రేపు ఇంకా మెరుగవుతుంది. రికార్డు మాత్రం వేసిన ప్రతిసారీ అరుగుతుంది, చెయ్యి జారితే రెండు ముక్కలవుతుంది. కాబట్టి డబ్బు ముందు సరైన ముల్లు మీద పెట్టండి, తర్వాతే యంత్రం పేరు మీద.