కుప్ప లోపలి తడి

సోమవారం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సెక్కాను. పక్క సీటాయన కూతురు స్టవ్ అంటుకుని ఒళ్లు కాలి ఆసుపత్రిలో ఉందట. "పన్నెండు దినాలాయె అన్నా. ఎంత పవర్ మందు ఎక్కిచ్చినా జొరం దిగలా. పుండు మీద నల్ల మచ్చలు లేసినాయి. బూజేమో అంటాండారు. మనిషి ఒంటికి బూజు పడతాదా?"

పడుతుంది. చర్మం కాలిపోయాక మిగిలేది చచ్చిన కండ, తడి. అక్కడి బ్యాక్టీరియాను యాంటీబయాటిక్‌లు తుడిచేస్తే, ఆ ఖాళీలోకి కాండిడా, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్‌లు దిగుతాయి. చాలావరకు రెండో వారంలోనో, ఆ తర్వాతో. యాంటీబయాటిక్ ఎంత పెద్దదైనా వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి చూసేవాడు. కుప్ప పైన తెల్లగా మెరుస్తున్నా నమ్మేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి వాసన చూసేవాడు. పైన ఎండిన కుప్పే లోపల బూజు కంపు కొట్టేది. రైతు ముఖం వాడిపోతుంటే నాకు నాయన మీద కోపమొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. పుండును పైపైన దూదితో తుడిచి చూస్తే ఫంగస్ అక్కడ ఉందని మాత్రమే తెలుస్తుంది. బతికున్న కండలోకి దిగిందో లేదో తేలాలంటే, లోతుగా చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. దిగితే ఆంఫోటెరిసిన్ లాంటి మందు నరానికి ఎక్కిస్తారు. చచ్చిన కండకు రక్తం అందదు, రక్తంతో వెళ్లే మందూ అందదు. అందుకే దాన్ని కోసి తీసేస్తారు.

జలుబుకు కూడా పవర్ మందు అడిగే మన అలవాటు మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మండిపడ్డానో మీకు తెలుసు. బస్సులోనూ అదే మాట నోటిదాకా వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చి ఆగిపోయాను. 1948లో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్‌లలో మొదటిది. అలాంటి మందుల వాడకం పెరిగాక కాండిడా బెడదా పెరిగింది. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక ఫంగస్‌కు సుబ్బారావు పేరే పెట్టాడు: సుబ్బరోమైసిస్. ఆ మందులు రాకముందు ఒళ్లు బాగా కాలినవాళ్లలో ఎందరో బూజు పట్టేదాకా బతకనే లేదు. ఈ బిడ్డకు పన్నెండు దినాలు దక్కడంలో నేను తిట్టే మందుల పాలూ ఉంది.

"పెద్ద మందు అడగద్దప్పా. ముక్క తీసి పరీక్షకు పంపినారా అని అడుగు" అన్నాను. ఆదోనిలో దిగేలోపు ఆ మాటను రెండుసార్లు నాకు అప్పజెప్పాడు.