చెవితో గుర్తుపట్టే విద్య

రెక్క పొడవు కొలిచి, ఈకల రంగు చూసి జాతిని నిర్ణయించడం మ్యూజియం పద్ధతి కాగా, బతికి తిరుగుతున్న ప్రాణి గొంతు విని నిర్ణయించడం క్షేత్ర పరిశీలకుల విద్య. ఈ రెండో విద్యను ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే ఆగ్నేయ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే జెర్డాన్ పొదల భరతపక్షినీ, ఐరోపాలోని పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరు మోస్తున్న ఈ పిట్ట పొట్టి తోకతో, రెక్కల్లో ఇటుక రంగు ఛాయతో, పిచ్చుకంత సాదాగా కనిపిస్తుంది. ఈకలను బట్టి దీన్నీ దీని బెంగాల్ బంధువునూ ఒకే జాతిగా లెక్కకట్టేవారు. 1998లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్ వాటి పాటలనూ, పాడుతూ ఎగిరే తీరునూ పోల్చి రెండూ వేరని చూపాడు. బెంగాల్ పిట్ట గాలిలో చాలాసేపు తిరుగుతూ సన్నని కీచుపాటను మళ్లీ మళ్లీ పలుకుతుంది. జెర్డాన్ పిట్ట మాత్రం పొద మీదనో కరెంటు తీగ మీదనో కూర్చుని రేకు గీకినట్టు గరగరమని పాడి, కొద్ది ఎత్తుకు లేచి, రెక్కలు చాపుకొని మళ్లీ కొమ్మ మీదికే దిగుతుంది.

అగ్గిపెట్టెలో పట్టేంత పిపిస్ట్రెల్ సంగతి వేరు. మనిషి చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని అందుకోలేదు కాబట్టి, దాని కూతను వినిపించే స్థాయికి దించే డిటెక్టర్ అనే చిన్న పరికరం కావాలి. అలా వింటున్నప్పుడే, ఒకే జాతి అనుకున్న గబ్బిలాల్లో కొన్ని 45 దగ్గర, మరికొన్ని 55 కిలోహెర్ట్జ్ దగ్గర బిగ్గరగా కూస్తున్నాయని 1990లలో బ్రిటన్ పరిశోధకులు గమనించారు. అవి రెండు జాతులేనని జన్యు పరీక్షలు ధ్రువపరిచాయి.

అయినా ఈ రెండు శబ్దాలను ఒకే గాట కట్టడం పొరపాటు. భరతపక్షి పాట మరో పిట్ట చెవి కోసం పుట్టింది. జోడు తన జాతిని పోల్చుకోవాలి గనుక దానికి ఒక నిలకడ ఉంటుంది. గబ్బిలం వేటలో వేసే కూత మాత్రం తిరిగి దాని చెవికే చేరాలి. పురుగు ఎంత దూరంలో ఉందో, కొమ్మ ఎక్కడ అడ్డుందో ప్రతిధ్వని వల్ల తెలుసుకోవడమే దాని పని కనుక, ఆ కూత ఆరుబయట ఒకలా, చెట్ల సందుల్లో మరొకలా మారుతుంది. అందుకే 50 కిలోహెర్ట్జ్ దగ్గర వినిపించిన కూతకు జాతి పేరు రాయకుండా ఖాళీ వదలడమే నిజాయితీ గల పరిశీలన. శరత్కాలంలో మగ పిపిస్ట్రెల్ ఎగురుతూ ఆడదాన్ని పిలిచే కూత దొరికితే ఆ సందేహం చాలావరకు తీరుతుంది, ఎందుకంటే అప్పుడు అదీ భరతపక్షిలాగే మరొకరి చెవి కోసం పాడుతోంది.